మందు అన్నప్పుడు, ప్రసాదం అన్నప్పుడు

(హైదరాబాద్‌లోని ఒక గ్రంథాలయంలో ఒక విశ్రాంత మత్తు వైద్యుడు చేసిన ప్రసంగానికి పాఠం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసివేయలేదు.)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘మతవిశ్వాసం, శాస్త్రీయ తర్కం’. నేను తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ని కాను. ముప్పయ్యేళ్లకు పైగా ఈ నగరంలో మత్తు డాక్టరుగా పనిచేసినవాణ్ని. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు పేషెంటుకు జీవితాంతం గుర్తుంటుంది. మత్తు ఇచ్చినవాడి ముఖం కూడా గుర్తుండదు, ఎందుకంటే మేం కనబడిన రెండు నిమిషాలకే ఆయన నిద్రపోతాడు. అయితే ఆ రెండు నిమిషాల్లో మనిషి దేన్ని పట్టుకుని వేలాడతాడో నేను చూసినంత దగ్గరగా పూజారులు కూడా చూసి ఉండరేమో. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హెర్నియా ఆపరేషన్‌కు ఒక పెద్దాయన వచ్చాడు. మొలతాడుకు రాగి తాయెత్తు ఉంది. థియేటర్‌లో ఒంటి మీద లోహం ఉండకూడదు. రక్తనాళాలను కాల్చి మూసే డయాథర్మీ కరెంటు ఆ లోహం తగిలినచోట చర్మాన్ని కూడా కాల్చవచ్చు. తీయమన్నాం. ‘ఇది తీస్తే నేను మళ్లీ లేవను డాక్టరు గారూ’ అన్నాడాయన. నేను కుర్రతనం కొద్దీ ఆయనకు లోహం గురించి, విద్యుత్తు గురించి ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన నాడి నా వేళ్ల కింద 110కి పరిగెత్తింది. అప్పుడు మా సిస్టర్ నన్ను పక్కకు జరగమని, ‘తాతా, పారెయ్యంలే, నీ తల దగ్గరే పెడతాం’ అంటూ తాడు విప్పి, తాయెత్తును గాజ్ ముక్కలో చుట్టి, ప్లాస్టరుతో ఆయన దిండుకు అంటించింది. నాడి 90కి దిగింది. మత్తు ఇచ్చాం, ఆపరేషన్ అయింది, ఆయన లేచాడు. లేచి ఏమడిగాడనుకుంటున్నారు? కుట్లెన్ని అని కాదు, తాయెత్తు ఏదని అడిగాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ‘ఇది తీస్తే నేను లేవను’ అన్న మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి, జరగబోయేదాని గురించి ఆయన చెప్పిన జోస్యం. అది నిజమో కాదో గంటలో తేలిపోతుంది. రెండోది, కత్తి కింద పడుకోబోయే మనిషి తనను ఎవరో ఒకరు కాపాడాలని చేసుకునే వేడుకోలు. అది నిజమో అబద్ధమో తేల్చే విషయమే కాదు. నేను మొదటిదానికి జవాబు చెబుతున్నాను, సిస్టర్ రెండోదానికి చెప్పింది. తాయెత్తు ఒంటి మీద ఉండకూడదన్న నియమాన్ని మాత్రం ఆమె వేలెడంత కూడా సడలించలేదు, గమనించారా?

మన తెలుగులో ఈ చిక్కు ‘నమ్మకం’ అనే మాటలోనే ఉంది. ‘వాణ్ని నమ్ముతున్నాను’ అంటాం, ‘వర్షం పడుతుందని నమ్ముతున్నాను’ అనీ అంటాం. మొదటిది మనిషి మీద భారం వేయడం, రెండోది ఒక మాటకు పూచీ పడటం. నా సౌకర్యం కోసం ఈ రెండో రకాన్ని పందెం కాసిన మాట అంటాను. వర్షం పడకపోతే నేను ఓడిపోతాను, నలుగురూ చూస్తారు. పందెం కాయని మాట చెడ్డదని నేను అనడం లేదు. తల్లి బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ‘నిండు నూరేళ్లు బతుకు’ అంటుంది. ఆమెను గణాంకాలు చూపమని అడిగేవాడు మూర్ఖుడు. నాకు పేచీ ఎక్కడంటే, ఒకే మాట పొద్దున పందెం కాసి, ఓడిపోతుందనిపించగానే సాయంత్రానికి ఆశీర్వాదమైపోయినప్పుడు.

దీనికి మన ఊళ్లోనే ఒక ఉదాహరణ ఉంది, మీరందరూ ఈపాటికి ఊహించే ఉంటారు. మృగశిర కార్తె రోజున, అంటే జూన్ 7 లేదా 8 ప్రాంతంలో, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వంశంవారు ఉబ్బసానికి ఇచ్చేది. నా చిన్నప్పుడు దాని పేరేమిటి? చేప మందు. ఇప్పుడు బ్యానర్ల మీద ఏముంటుంది? చేప ప్రసాదం. మా పిన్ని ఇప్పటికీ ‘మందు వేయించుకొచ్చాం’ అనే అంటుంది, అది వేరే సంగతి. శాస్త్రీయ ఆధారం ఏదని హేతువాదులు గట్టిగా అడగడం మొదలయ్యాక, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లిన కాలంలో, ‘మందు’ పోయి ‘ప్రసాదం’ వచ్చింది. ఒక్క మాట మారింది. క్యూ మారలేదు, చేప మారలేదు, ఉబ్బసం మారలేదు.

నేను డాక్టరునయ్యాక ఒక ఏడాది ఊరికే చూద్దామని వెళ్లాను. మత్స్యశాఖ కౌంటర్‌లో డబ్బు కట్టి, నీళ్లు పోసిన ప్లాస్టిక్ కవరులో వేలెడంత కొర్రమీను పిల్లను తెచ్చుకుంటారు. అక్కడున్నవారు పసుపు పచ్చని ముద్దను చేప నోట్లో పెట్టి, బతికున్న ఆ చేపను నోరు తెరిచిన మనిషి గొంతులోకి జారవిడుస్తారు. పిల్లలైతే ఒకరు ముక్కు మూసి, ఇంకొకరు గడ్డం పైకెత్తి పట్టుకుంటారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. ఆ కుటుంబం మందుకు డబ్బు తీసుకోదు. 1845 నుంచి ఉచితంగానే ఇస్తున్నామని చెబుతారు. ఆ తర్వాత 45 రోజుల పథ్యం, వరసగా మూడేళ్లు రావాలి. తిరిగివచ్చినవారిలో చాలామంది తగ్గిందనే చెబుతారు, వారు అబద్ధమాడుతున్నారని నేను ఒక్కనాడూ అనుకోలేదు.

మరి తగ్గిందని వారు చెప్పినప్పుడు డాక్టరుకు సందేహమెందుకు? ఉబ్బసం అలలాంటిది, లేస్తుంది, పడుతుంది. మనిషి దూరం నుంచి రైలెక్కి వచ్చి రాత్రంతా క్యూలో నిలబడేది బాగా ఆయాసపడుతున్న రోజుల్లోనే. అల శిఖరం మీద ఉన్నప్పుడు ఏం మింగినా, ఏమీ మింగకపోయినా, తర్వాత వచ్చేది దిగుడే. పైగా పథ్యం పేరుతో నెలన్నర తిండి అదుపులో ఉంటుంది. తగ్గినవాడు మరుసటి ఏడు వచ్చి పక్కవాడితో చెబుతాడు. తగ్గనివాడు రాడు, కాబట్టి ఆ క్యూలో వాడి మాట మనకు వినబడదు. ఆలోచించండి, తగ్గనివాడు కనబడకుండా పోయేలా ఏర్పాటు ఉన్నచోట, ఏ మందైనా ఓడిపోగలదా?

2011లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ప్రచురించిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. ఉబ్బసం ఉన్న 39 మందికి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు: ఒకసారి అసలు మందున్న ఇన్‌హేలర్, ఒకసారి మందులేని ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఒకసారి సూది గుచ్చినట్లు నటించే ఆక్యుపంక్చర్, ఒకసారి ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం. ఎలా ఉందని అడిగితే, అసలు మందుకు 50 శాతం, ఉత్తుత్తి ఇన్‌హేలర్‌కు 45 శాతం, ఉత్తుత్తి సూదికి 46 శాతం మెరుగుదల చెప్పారు. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతమే. అంటే మనిషి చెప్పేదాన్ని బట్టి చూస్తే మందుకూ ఉత్తుత్తి మందుకూ పెద్ద తేడా లేదు. తర్వాత ఊపిరితిత్తులను కొలిచారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ 7 శాతం దగ్గరే ఆగింది. చూశారా ఎంత చిత్రమో! హాయి నిజమైన హాయే. గొట్టాలు మాత్రం తెరుచుకోలేదు. హాయిగా ఉందనుకుని ఇన్‌హేలర్ మానేసిన పిల్లవాణ్ని తెల్లవారుజామున మూడింటికి నీలం పెదవులతో తీసుకొస్తే, గొంతులో ట్యూబు వేయాల్సింది నేను. అందుకే నాకు పెదవుల రంగు మీద ఉన్న పట్టింపు పేరు మీద లేదు.

అయితే చేప ప్రసాదం పనిచేయదని నేను ఇప్పుడు నిరూపించానా? లేదు. సగం మందికి ముద్ద పెట్టిన చేప, సగం మందికి పెట్టని చేప ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో ఇచ్చినవారికీ తెలియకుండా ఉంచి, నెలన్నర తర్వాత ఊదించి కొలిస్తే తేలుతుంది. మందు అని పిలిస్తే ఈ పరీక్షకు నిలబడాలి. ప్రసాదం అని పిలిస్తే నేను చేతులు జోడించి కళ్లకద్దుకుంటాను, అప్పుడు ఉబ్బసం పేరెత్తకూడదు. ప్రసాదమని పేరు, ఉబ్బసానికని ప్రచారం, రెండూ ఉంటే ఎలా?

దీనికి సరిగ్గా తలకిందులైన సంగతి కూడా ఉంది. 2001లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని ‘జ్యోతిర్ విజ్ఞాన్’ పేరుతో కోర్సుగా పెట్టబోతే, ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకులు పుష్పమిత్ర భార్గవ గారు కోర్టుకెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. విద్యావిషయాల నిపుణుల నిర్ణయంలో మేం కలగజేసుకోమన్నది. తీర్పు సంగతి పక్కన పెట్టండి. ఒకచోట విజ్ఞానం పేరు బరువై దించుకున్నారు, ఇంకొకచోట అదే పేరు హోదా అయి తలకెత్తుకోబోయారు. పరీక్ష రాయకుండా పట్టా కావాలంటే ఎట్లా?

జ్యోతిషం మాట వచ్చింది కాబట్టి పంచాంగం గురించి కూడా. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ వేధశాల ఆ నీడ దారిలోనే ఉంది; శాస్త్రవేత్తలు అక్కడ టెలిస్కోపులు బిగించుకుని కూర్చున్నారు. నేనప్పుడు మెడిసిన్ విద్యార్థిని. బయటికి రావద్దని మా అమ్మ కార్డు రాసింది. రోడ్ల మీద కర్ఫ్యూ పెట్టినంత నిర్మానుష్యం. శరీర ధర్మ శాస్త్రం చదువుకుంటున్న మేమందరం హాస్టల్ గదుల్లో కిటికీలు మూసుకుని కూర్చున్నాం. గంటన్నర ప్రయాణం దూరంలో సూర్యుడి కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వెలుగు వలయం, కంటికి కనిపిస్తుంటే, నేను దాన్ని చూడలేదు. నా జీవితంలో సిగ్గుపడే సంగతుల్లో ఇదొకటి. కంటికి రక్షణ లేకుండా సూర్యుణ్ని చూడకూడదన్నది సరైన భయమే, కానీ మేం కిటికీ మూసింది ఆ భయంతో కాదు.

ఆ ఏటి పంచాంగంలో గ్రహణం పేజీ తీసి చూస్తే, పై సగంలో స్పర్శ, మధ్య, మోక్ష కాలాలు గంటలు నిమిషాలతో సహా ఉంటాయి. కింది సగంలో ఏ రాశివారు చూడకూడదు, ఎవరు ఏం దానం చేయాలి అని ఉంటుంది. పై సగం పందెం కాసింది, గడియారం పెట్టుకుని ఎవరైనా సరిచూడవచ్చు. కింది సగం కాయలేదు. కానీ ఒకే అచ్చులో, ఒకే సిద్ధాంతి గారి సంతకంతో వచ్చేసరికి, పై సగం సంపాదించిన పరువును కింది సగం వాడుకుంటుంది. ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. గ్రహణాలు నీడల వల్లనే అని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు, రాహువు కారణం కాదని వరాహమిహిరుడూ చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు రాహువును కాదన్న అలాంటివారిని మందలించాడు, లెక్క మాత్రం నీడతోనే కట్టాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత బ్రహ్మగుప్తుడి పుస్తకం చదివిన మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ, ఇంత తెలిసిన మనిషి ఇలా ఎందుకు రాశాడా అని తల పట్టుకున్నాడు.

ఇంతవరకూ విని, ఈ డాక్టరు సైన్సు వైపు తక్కెడ మొగ్గేలా మాట్లాడుతున్నాడని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. రెండో వరసలో ఉన్న పెద్దాయన ముఖం చూస్తే నాకు ఆ సంగతి తెలుస్తోంది. సరే, ఇప్పుడు మా ఇంటి గుట్టు విప్పుతాను. నా వృత్తి చరిత్రలో అతి పెద్ద మూఢనమ్మకం గుళ్లో పుట్టలేదండీ. మూసీ ఒడ్డున, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో పెరిగింది.

1847లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో క్లోరోఫామ్ అనే పీల్చే మత్తుమందు వచ్చింది. మరుసటి ఏడాదే హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయబోతే క్లోరోఫామ్ పీల్చిన నిమిషాల్లో చనిపోయింది. ఎందుకు చనిపోయింది? లండన్ వైద్యులు గుండె ఆగి అన్నారు, నాడి చూస్తూ ఉండాలన్నారు. ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యులు, కాదు, శ్వాస ఆగితేనే ప్రమాదం, శ్వాస చూడండి చాలు, నాడి ముట్టుకోనక్కర లేదన్నారు. ఆ సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీకి సర్జన్, ఇక్కడి మెడికల్ స్కూలు అధిపతి. ఆయనకు గురువు మాట వేదం. దాన్ని లోకానికి నిరూపించాలని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. లండన్‌లోని లాన్సెట్ అనే వైద్య పత్రిక పెదవి విరిస్తే, మీ మనిషినే పంపండి, ఖర్చు మేమిస్తామని నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే లండన్ వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు గుండెకు ప్రమాదం ఉందనుకుంటూ వచ్చినవాడు, వందల జంతువుల మీద ప్రయోగాలు చూసి లారీ పక్షానికి మారిపోయాడు. ఈ పనిలో సహకరించిన మన హైదరాబాదీ రూపాబాయి ఫర్దూన్‌జీ గారిని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. ఆమె పేరు చెప్పకుండా ఈ కథ దాటడం నాకిష్టం లేదు.

ప్రయోగం ఉంది, కొలత ఉంది, సాక్షి ఉన్నాడు, డబ్బుంది. ఇంకేం కావాలి? ఫలితం మాత్రం తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చేసిన పనితో తేలింది ఏమిటంటే, క్లోరోఫామ్ మత్తు పలచగా ఉన్నప్పుడు, రోగి భయంతో ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు, గుండె ఒక్కసారిగా గిలగిలా వణికి ఆగిపోతుంది. హైదరాబాద్‌లో కుక్కలకు మత్తు ఎక్కువెక్కువగా ఇచ్చి చంపారు. అలా ఇస్తే ముందు ఆగేది శ్వాసే. మనుషులు చనిపోతున్నది మత్తు మొదలయ్యే క్షణాల్లో. అంటే ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు కూర్చుని ఉంది. గురువుగారు తప్పైతే అది ఎక్కడ బయటపడుతుంది అని లారీ అడగలేదు, గురువుగారు ఒప్పని ఎక్కడ కనబడుతుంది అని అడిగాడు. తాయెత్తు కట్టుకున్న మా పెద్దాయనకూ, ప్రయోగశాల కట్టుకున్న లారీకీ ఈ ఒక్క విషయంలో నాకు తేడా కనిపించదు. తేడా తర్వాత వచ్చింది. 22 ఏళ్లు పట్టినా సరే, తప్పని చూపించగలిగినవాడికి అక్కడ తలుపు తెరిచి ఉంది. ఆ మధ్యకాలంలో నాడి చూడకుండా మత్తిచ్చిన బల్లల మీద ఎందరు పోయారో, వారి సంగతి కూడా మరవకూడదు.

ఇదే ఊళ్లో రెండో కథ. 1897 ఆగస్టు 20, సికింద్రాబాద్. రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల పొట్టలు కోసి చూస్తున్నాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. పంఖా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. ఆయన గురువు మాన్సన్ దోమ అన్నంతవరకు సరిగ్గా చెప్పాడు, కానీ దోమలు చచ్చిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందనుకున్నాడు. రాస్ ఆ నీళ్లు మనుషులకు తాగించి చూశాడు, ఆ ఊహ నిలబడలేదు, ఆ దారి వదిలాడు. గురువు మాటను సగం నిలబెట్టి సగం వదిలేశాడు. ఆ రోజు దోమ కడుపు గోడ మీద నల్లటి రేణువులున్న కణాలు కనబడ్డాయి, అవే దోమలో పెరుగుతున్న మలేరియా క్రిములు. అప్పుడాయన ఏం చేశాడు? దేవుడు కరుణించి ఈ రహస్యాన్ని నా చేతిలో పెట్టాడని కవిత రాసుకున్నాడు. మీలో హేతువాదులు నవ్వుకోవచ్చు, భక్తులు మురిసిపోవచ్చు. నేను చూసేది ఒక్కటే: దేవుడు కవితలో ఉన్నాడు, దోమను కోసిన కత్తి మొనలో జోక్యం చేసుకోలేదు.

బెల్జియంలో జార్జ్ లెమైత్ర్ అనే క్యాథలిక్ ఫాదర్ ఉండేవాడు. విశ్వం విస్తరిస్తోందని 1927లో సమీకరణాలతో చూపి, అంటే దానికొక మొదలుందని ఆ తర్వాత చెప్పినవాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్లు ప్రసంగిస్తే, సంతోషించాల్సిన ఫాదరే ఇబ్బంది పడ్డాడు. ఆయనకు తన లెక్క రేపు తప్పు కావచ్చని తెలుసు. తప్పు కాగల దాని మీద తన ప్రార్థనను కట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. మన దగ్గర పురాణాల్లో విమానాలు, ప్లాస్టిక్ సర్జరీ వెతికేవారికి ఈ ఫాదర్ కథ చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రాజ్యాంగంలో 51ఎ(హెచ్) ఉంది, శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అంటుంది; 25వ అధికరణ ఉంది, మత స్వేచ్ఛనిస్తుంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయని గుర్తు చేసి వదిలేస్తాను, లాయర్లున్న సభలో అంతకంటే మాట్లాడటం ప్రమాదం.

చివరగా మా థియేటర్‌లోకి మళ్లీ తీసుకెళతాను. ఏటా దసరాకు మేమూ ఆయుధ పూజ చేస్తాం. నేను మత్తిచ్చే బాయిల్స్ మిషన్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. వార్డు బాయ్ గుమ్మడికాయ కొడతాడు. నేనూ దండం పెట్టుకునేవాణ్ని, పెట్టుకోలేదని చెబితే అబద్ధం. మర్నాడు పొద్దున మొదటి కేసుకు ముందు, అదే మిషన్ సిలిండర్లు చూసి, సర్క్యూట్ మూసి గాలి నింపి, ముల్లు నిలబడుతుందా జారుతుందా అని పరీక్ష చేసేవాణ్ని. ఒక ఏడాది ముల్లు జారింది. మళ్లీ నింపాను, మళ్లీ జారింది. అరగంట వెతికితే, రోగి వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడాలైమ్ డబ్బా మూత కింద, రబ్బరు వాషర్‌కూ అంచుకూ మధ్య, ముందురోజు దండలోని దారం పోగొకటి ఇరుక్కుని ఉంది. ఒక బంతిరేకు కూడా.

సిస్టర్ ముఖం చిన్నబోయింది. ‘వచ్చే ఏడాది పూజ మానేద్దామా సార్?’ అంది. మానొద్దమ్మా, దండ మాత్రం పైన స్టాండుకు కట్టండి అన్నాను. నేను రిటైరయ్యేదాకా అక్కడే కట్టారు.

ప్రశ్నలుంటే అడగండి. రెండో వరసలో పెద్దాయన చెయ్యి ఎప్పటి నుంచో లేచే ఉంది, ముందు వారికి మైకు ఇవ్వండి.